తొమ్మిదో తరగతికి పంచిన తప్పులు

ఆల్జీబ్రా చెప్పడానికి కావలసింది బుర్ర కాదు, గొంతు అని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, పొట్ట రాలేదు, సందేహం అనే జబ్బు అసలే లేదు. శంషాబాద్‌లో, విమానాలు చక్రాలు దించుకునే దారికి సరిగ్గా కింద ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల సారుగా కొత్తగా చేరాను. ఆ విమానాలు ఎంత కిందుగా పోయేవంటే, కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు మా బోర్డు మీది లెక్క చదివి, దిగేలోపు చేసేయగలడు (చేసి, జవాబు సరిచూసుకునే టైము కూడా మిగిలేది). విమానం నెత్తి మీదికి రాగానే మా స్కూల్లో సార్లూ మేడమ్‌లూ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి ఆగిపోయి, అది పోయాక ఆగిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకునేవారు. నేను మాత్రం ఆగేవాణ్ణి కాదు. ఇంజనుకూ నాకూ పోటీ. చాలాసార్లు నేనే గెలిచేవాణ్ణి.

నా బోధనా పద్ధతి బహు సులువైనది. ప్రశ్న నేనే అడుగుతాను, జవాబు నేనే చెబుతాను, ఒప్పేనా అని నేనే అడిగి, ఒప్పే అని నేనే ముగిస్తాను. ఆ నాలుగింటి మధ్య దోమ కూడా దూరలేదు. పిల్లలు చేయవలసిందల్లా చివర్లో “యస్ సార్” అని గోడలు అదిరేలా అరవడం. ఆ అరుపు విని నేను దేశంలో ఉన్న మేటి ఉపాధ్యాయుల్లో మొదటి వరసలో ఉన్నానని నిర్ణయించుకున్నాను. అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు దిద్దేదాకా ఆ నిర్ణయానికి ఢోకా రాలేదు. దిద్దుతుంటే మాత్రం నా చేతిలోని ఎర్రపెన్ను చల్లబడిపోయింది. రెండు ఎక్స్ ప్లస్ మూడు అని ఇచ్చిన చోటల్లా ఒక్క ఫస్టు ర్యాంకు అమ్మాయి తప్ప తొమ్మిదో తరగతి మొత్తం, ఒకే తల్లి కన్నబిడ్డల్లా, ఐదు ఎక్స్ అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. కాపీ కొట్టారందామంటే, గదిలో ఈ మూలవాడికి ఆ మూలవాడు కనిపించడు. నేనే అందరికీ సమానంగా నేర్పినట్టున్నాను.

మా కరస్పాండెంటు గారు కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన పెద్దమనిషి. మర్యాద ఆయన ఆయుధం. మామూలప్పుడు “ఏమయ్యా” అనేవారు; “మాస్టారూ” అంటే ప్రమాదం; “మాస్టారు గారూ” అంటే పెట్టె సర్దుకోవాలి. పేపర్లు చూశాక నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించి, “మాస్టారు గారూ, ఎలా ఉన్నారు” అన్నారు. నాకు కాళ్ల కింద నేల ఉందో లేదో ఒకసారి చూసుకోవలసి వచ్చింది. తల్లిదండ్రులు అడుగుతున్నారనీ, వేరే సారు కోసం వాకబు చేస్తున్నాననీ, అయితే తొందరపడే మనిషిని కాననీ ఎంతో ప్రేమగా చెప్పారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధన బృందం మా వైపు వచ్చింది. హైస్కూలు పిల్లలకు ఆల్జీబ్రా ఎక్కడ తిరగబడుతోందో, సార్లతో కలిసి కూర్చుని తేల్చుకుంటారట. బృందానికి పెద్ద ఒక మేడమ్. సన్నటి గొంతు, నూలు చీర, మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాని వింత అలవాటు. శనివారం మధ్యాహ్నాలు మా స్కూల్లోనే సమావేశం. చుట్టుపక్కల బడుల నుంచి లెక్కల సార్లు వచ్చేవారు. వాళ్లలో కొత్తూరు సర్కారు బడి నుంచి వచ్చే పెద్దాయన ఒకరు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి; అందరం కొత్తూరు సారు అనేవాళ్లం.

వాళ్ల పని తీరు నాకు మొదట మింగుడుపడలేదు. ఒక్క పాఠాన్ని అందరూ కలిసి వారాల తరబడి తయారుచేస్తారు. ఒకరు క్లాసులో చెబుతారు. మిగిలినవాళ్లు వెనక కూర్చుని సారును కాకుండా పిల్లలను చూస్తారు. తర్వాత చర్చ. చర్చలో పాఠాన్ని ఏమైనా అనవచ్చు, చెప్పిన మనిషిని ఒక్క మాట అనకూడదు. అన్నిటికంటే విడ్డూరం, మేడమ్ మొదటి రోజే “మీ పిల్లల తప్పులు తీసుకురండి” అన్నారు. మా స్కూల్లో తప్పులను బీరువా వెనకాల దాచేవాళ్లం; ఎవరైనా వస్తున్నారంటే ఫస్టు ర్యాంకు పేపర్లే బయటికి వచ్చేవి. నేను బిక్కుబిక్కుమంటూ ఐదు ఎక్స్‌ల కట్ట పెడితే, ఆవిడ నగల దుకాణంలో హారం చూసినట్టు ఒక్కో కాగితాన్నీ వెలుగుకు పట్టి చూసి, పక్కనున్నాయనకు కూడా చూపించి మురిసిపోయారు.

అప్పుడు కొత్తూరు సారు మెల్లగా అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “నౌకరీల చేరినప్పటి సంది గీ తప్పు చూస్తున్న తమ్మీ. తిట్టిన, గోడకుర్చీ ఏయించిన, వంద సార్లు రాయించిన. ఎందుకు చేస్తున్నవ్ బిడ్డా అని మాత్రం ఒక్కపారి గూడ అడగలే.”

దాంతో పాఠం కుదిరింది. బోర్డు మీద రెండు ఎక్స్ ప్లస్ మూడు ఈక్వల్ టు ఐదు ఎక్స్ అని తప్పునే రాయాలి. ఒక విద్యార్థి ఇలా రాశాడు, ఎందుకు ఇలా అనుకుని ఉంటాడు అని అడగాలి. అడిగి ఊరుకోవాలి. ఎంతసేపు అన్నాను. ఎవరైనా మాట్లాడేదాకా అన్నారు మేడమ్. ఎవరూ మాట్లాడకపోతేనో అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు (పద్ధతిని నా మీదే ప్రయోగిస్తున్నారని అప్పుడు తెలియలేదు). ఈ పాఠం ఎవరు చెబుతారు అనేసరికి సార్లందరికీ సీలింగు ఫ్యాను మీద అంతులేని ఆసక్తి పుట్టింది. నేను సమోసా మీద దృష్టి పెట్టి ఉండటం వల్ల ఫ్యాను వైపు చూడటం ఆలస్యమైంది. అలా ఎన్నికయ్యాను. ఆ సాయంత్రమే కరస్పాండెంటు గారు మెట్ల దగ్గర ఆపి, “పాఠం చూడటానికి నేనూ వస్తున్నాను మాస్టారు గారూ. చూశాక మీ సంగతి తేల్చేసుకుందాం. అటో ఇటో” అన్నారు. అటు అంటే ఎటో నాకు తెలుసు. మా నాన్న జల్‌పల్లిలో అందరికీ మావోడు హైస్కూలు సారు అని చెప్పుకుని తిరుగుతున్నాడు.

పాఠానికి ముందు రోజు మధ్యాహ్నం కరస్పాండెంటు గారు నా క్లాసులోకి వచ్చి తలుపులు మూయించారు. మా స్కూల్లో ఒక ఆచారం ఉంది. బయటివాళ్లు ఎవరొచ్చినా, తనిఖీకి కానీ చూసిపోవడానికి కానీ, ముందు రోజు పూర్తి రిహార్సలు జరగాలి. నమస్కారం ఎంత వంగి పెట్టాలన్నది కూడా సాధన చేయించేవాళ్లం. ఆయన ఆలోచించి వచ్చారు. “వచ్చేవాళ్లకు తప్పులు కావాలట కదా మాస్టారూ. పెడదాం. మన దగ్గర తప్పులకు కొదవా? కాకపోతే నాణ్యంగా ఉండాలి. స్పష్టంగా, గట్టిగా, ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి.”

అలా నేను తొమ్మిదో తరగతికి తప్పులు పంచడానికి పూనుకున్నాను. అన్నిటికంటే పెద్ద తప్పు, అంటే ఐదు ఎక్స్, ఫస్టు ర్యాంకు అమ్మాయికి ఇచ్చాను, గొంతు బాగుంటుందని. ఆ పిల్ల వెంటనే బావురుమంది. పుట్టి బుద్ధెరిగాక తప్పు చెప్పలేదట, పదిమంది ముందు చెప్పదట. ఇంటర్వెల్లో సంగతి ఇంటికి చేరింది. వాళ్లమ్మ మామిడిపల్లి నుంచి స్కూటీ మీద వచ్చి గేటు దగ్గరే నన్ను నిలబెట్టింది. “మా పాపకెందుకు సార్ తప్పు? తప్పులు చేసే పోరగాండ్లు క్లాసుల మస్తుగున్నరు గద. ఆళ్లకియ్యుండ్రి.” చివరికి ఆ అమ్మాయి మైనస్ గుర్తు మర్చిపోయే చిన్న తప్పుకు ఒప్పుకుంది, అది కూడా చివర్లో సరిదిద్దుకునే షరతు మీద.

ఐదు ఎక్స్ వకీలుకు వెళ్లింది. వకీలు అంటే రెండో బెంచీ అమ్మాయి. హాజరు పిలిచినా ఎందుకు సార్ అని అడిగే రకం. ఇక నిజంగా ఐదు ఎక్స్ మీద హక్కు ఉన్నవాడు, ప్రతి పరీక్షలోనూ అదే రాసినవాడు మరొకడున్నాడు. వాళ్ల నాన్న ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కిస్తాడు కాబట్టి వాణ్ణి పిల్లలు లగేజీ అనేవారు. వాడి తప్పు మరీ సహజంగా ఉండి బాగుండదని కరస్పాండెంటు గారు అభిప్రాయపడి, వాడికి ఒప్పు ఇప్పించారు. “కలపరాదు సార్” అని ఒక్క ముక్క. వాడు దాన్ని పట్టుకుని దిగులుగా కూర్చున్నాడు.

అంతా సర్దుకుంది అనుకునే సమయానికి వకీలు లేచింది. “సార్, ఐదు ఎక్స్ అంట. ఓకే. కాని నేనెందుకట్ల అనుకున్ననని ఆ మేడం అడుగుతది గద. ఏమని చెప్పాలె?”

 నిజానికి తప్పుకు కారణం ఉంటుందని సమావేశాల్లో తల ఊపానే కానీ, ఆ కారణం ఏమిటో నేను ఆలోచించలేదు. బోర్డు వైపు తిరిగి ఆ అంకెలను, పిల్లవాడి కళ్లతో చూద్దామని, చాలాసేపు చూశాను. అప్పుడు కనిపించింది. మధ్యలో ప్లస్ ఉంది. చిన్నప్పటి నుంచీ ప్లస్ కనబడితే కలపమనే కదా చెప్పాం. ఈక్వల్ టు పక్కన ఒకే ముక్క ఉండాలనీ, ప్లస్ వేలాడుతుంటే లెక్క సగంలో ఆగినట్టేననీ మనమే అలవాటు చేశాం. చెబుతూ పోయాను, వాళ్లు అడ్డు తగులుతూ పోయారు, నాకూ ఇట్లనే అనిపిస్తది సార్ అని ఒకడు, నాకు గట్ల కాదు వేరే లెక్కన అనిపిస్తది అని ఇంకొకతె. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. తప్పును నటించడం నేర్పడానికి అంతసేపు పట్టింది. కరస్పాండెంటు గారు మాత్రం రిహార్సలు దివ్యంగా జరిగిందని చెప్పి వెళ్లారు.

మర్నాడు గదిలో వెనక వరసంతా అతిథులు. నా లెక్క ప్రకారం ఒక పెళ్లికి సరిపడా జనం. ఒక్కో బెంచీ పక్కన ఒక్కొక్కరు కాగితాలు ఒళ్లో పెట్టుకుని పిల్లల చేతులనూ నోళ్లనూ చూస్తున్నారు. లగేజీ పక్కన కరస్పాండెంటు గారు స్వయంగా కూర్చున్నారు. నా వీపు మీదుగా చెమట కృష్ణా నదికి ఉపనదిలా బయలుదేరింది. తప్పు బోర్డు మీద రాశాను. ప్రశ్న అడిగాను. ఆగాను.

నిశ్శబ్దం.

వకీలు లేవాలి. లేవలేదు. కళ్లతో సైగ చేశాను. ఆ పిల్ల బోర్డు వైపు చూస్తోంది తప్ప నా వైపు చూడటం లేదు. కనుబొమ్మలు ఎగరేశాను. గొంతు సవరించుకున్నాను. జవాబు నాలుక చివర నిలబడి బయటికి దూకుతానని బెదిరిస్తోంది. పళ్లు బిగించి ఆపాను. కరస్పాండెంటు గారు వాచీ చూసుకున్నారు. అంతలో దేవుడి దయవల్ల ఒక విమానం వచ్చింది. అంత ప్రేమగా నేను ఏ విమానాన్నీ చూడలేదు. అది మెల్లగా, ఆకాశంలో అద్దెకు ఇల్లు చూసుకుంటున్నట్టు పోయింది. పోయాక నిశ్శబ్దం ముందటి కంటే పెద్దదైంది.

ఆ బరువు తట్టుకోలేక ఫస్టు ర్యాంకు అమ్మాయి చెయ్యెత్తింది. లేచి, ప్లస్ ఉంది కాబట్టి కలపాలనుకుని ఉంటాడు సార్, కానీ కలపకూడదు అని గడగడా చెప్పేసింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ అమ్మాయి కూర్చునేలోపే వకీలు లేచి నిలబడింది.

“సార్, ఆమెకిచ్చింది మైనస్ తప్పు. ఈ తప్పు నాది.”

గదిలో పెన్నులన్నీ ఒక్కసారిగా ఆగాయి. కరస్పాండెంటు గారి ముఖాన చిరునవ్వు అలాగే ఉంది కానీ, దాని వెనక మనిషి లేడు. నాకు చెవుల్లో హోరు. ఈసారి విమానం కాదు. జల్‌పల్లిలో మా నాన్న ముఖం కనబడింది. మేడమ్ మాత్రం కదలకుండా, ఎంతో మామూలుగా అడిగారు, “మరి నీ తప్పు నువ్వెందుకు చెప్పలేదమ్మా?”

“చెప్దామనే వచ్చిన మేడం. కాని నిన్న సారు అదెందుకొస్తదో అంతా చెప్పిండు. తెల్సినంక ఇగ అది నోట్లకెళ్లి వస్తలేదు.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. చాక్‌పీసు నా వేళ్ల మధ్య పిండి అయిపోయింది. పాఠం ముగించి, కుదిరితే ఉద్యోగం కూడా అక్కడే ముగించి, కిటికీలోంచి పోదామని నేను కొలతలు వేసుకుంటుండగా లగేజీ లేచాడు. వాడి వంతు వచ్చిందని వాడి నమ్మకం. “కలపరాదు సార్” అని అప్పజెప్పాడు. కూర్చోబోయి, కూర్చోలేదు.

“కాని సార్, నాకు సమజ్ కాలే. రెండూ, ఎక్సూ పక్కపక్కకే ఉండి అతుక్కున్నయి గద. మరి మూడెందుకు అతుక్కోదు?”

ఇది ఎవరూ పంచని ప్రశ్న. నేను నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. పుస్తకంలో ఉన్న వాక్యం ఒకటి ఉంది కానీ, అది వాడి ప్రశ్నకు జవాబు కాదని నాకే తెలుస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాను. వెనక కొత్తూరు సారు ముందుకు వంగి కూర్చున్నారు. ఈసారి నిశ్శబ్దం నేను పాటించింది కాదు, నాకు పట్టింది.

ఫస్టు ర్యాంకు అమ్మాయి సజాతి పదాలు కావు కాబట్టి అంది. లగేజీ తల అడ్డంగా ఊపి, గా మాట సారు రోజూ అంటడు, నాకు రాదు అన్నాడు. అప్పుడు వకీలు వాడి వైపు తిరిగింది. నన్ను, అతిథులను, అందరినీ మర్చిపోయి బెంచీ మీద ఒక మోకాలు పెట్టి మొదలుపెట్టింది.

“మీ నాయిన ట్రాలీ మీద రెండు సూట్‌కేసులు పెట్టిండనుకో. రెండిట్ల అంగీలు సమానమే. ఎన్నున్నయో తెల్వది, తాళమేసిండ్రు. పైన మూడు అంగీలు ఇడిగ పెట్టిండు. మొత్తం ఏమున్నయి?”

“రెండు సూట్‌కేసులు, మూడు అంగీలు.”

“ఐదు సూట్‌కేసులున్నయా?”

లగేజీ చాలాసేపు ఆలోచించాడు. వాడి పెదవులు కదులుతున్నాయి.  “లేవు,” అన్నాడు. “ఐదంటే మా నాయినను పోలీసులు పట్టుకుంటరు. ఉన్నయి రెండే. రెండు ఎక్స్ అంటే అతుక్కున్నది కాదు, రెండు పెట్టెలున్నయని. మూడు బయటియి. తాళం తీసేదాక గవి బయటనే ఉంటయి.” అని, వాడంతట వాడే కూర్చుని, బోర్డు మీది ఐదు ఎక్స్‌ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

చర్చకు స్టాఫ్ రూంలో కూర్చున్నాం. ఆచారం ప్రకారం పాఠం చెప్పినవాడే మొదట మాట్లాడాలి. నేను ముందు టీ కప్పు అందుకున్నాను. కొత్తూరు సారు అందుకుని, ఆ పిలగాడు అడిగినప్పుడు సారు జవాబు చెప్పకుండ ఆపుకున్నడు చూడుండ్రి, గంత నిగ్రహం నాకు లేదు అని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. పెద్దవాళ్ల మాటకు ఎదురుచెప్పడం మా ఇంట్లో నేర్పలేదు.

మిగిలింది ఒకటే మాట. అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తడం లేదు. కరస్పాండెంటు గారు లేచి నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. “మేడమ్ గారూ, నిన్న తలుపులు మూయించి పిల్లలకు తప్పులు పంచమని చెప్పింది నేను. మాస్టారు వద్దన్నారు. నేనే వినలేదు.” (నేను వద్దనలేదు. ఆ మాట నాకూ ఆయనకూ తెలుసు.)

మేడమ్ ఇవాళ్టి పాఠం పరిశోధనకు పనికిరాదనీ, వేరే బడిలో మళ్లీ చెప్పవలసిందేననీ ఉన్నదున్నట్టు చెప్పారు.  తర్వాత ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, “మేం చూడవలసింది నిన్న జరిగిన పాఠం. అప్పుడు తలుపులు మూసేశారు” అన్నారు.

అందరూ వెళ్లాక కరస్పాండెంటు గారు నన్ను గదిలోకి పిలిచారు. కుర్చీ చూపించలేదు, టీ తెప్పించలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను పెట్టెలో ఏవేవి సర్దుకోవాలో వరసగా తలుచుకుంటున్నాను.

“ఏమయ్యా,” అన్నారు చివరికి, “రేపటి నుంచి తొమ్మిదో తరగతిలో వెనక నాకో కుర్చీ వేయించు. ఆ మూడు ఎందుకు కలవదో, నేను కూడా చదువుకున్నన్నాళ్లూ ఎవరినీ అడగలేదు.”

ఇప్పుడు నేనూ అలాంటి బృందాలతో తిరుగుతున్నాను. జుట్టు పండింది, నిగ్రహం మీద ఉపన్యాసాలిస్తాను, కుర్ర టీచర్లు రాసుకుంటారు. మొన్న కొత్తూరు వైపు ఒక బళ్లో వెనక బెంచీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాను. ముందర కొత్తగా చేరిన టీచరమ్మ ప్రశ్న అడిగి, భయంతో తెల్లబోయి, అయినా ఆగింది. నా పక్కనున్న పిల్ల పెన్సిలు కొరుకుతూ సమీకరణం వైపే చూస్తోంది. ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. నాకు తెలుస్తూనే ఉంది. ఎంత ఆపుకున్నా ఆగక, ఆ పిల్ల చెవి దగ్గరికి వంగి, “ఆ నాలుగును అటువైపు...” అన్నాను.

ఆ పిల్ల తల తిప్పకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. “జర ఆగుండ్రి తాతా. ఆలోచన చేస్తున్న.”

ఆగాను. తాతా అన్నందుకు కొంచెం మనసు కష్టపెట్టుకుని, అయినా ఆగాను. ఆ పిల్ల పెన్సిలు నోట్లోంచి తీసి, మెల్లగా, నాకు తెలియని దారిలో రాయడం మొదలుపెట్టింది.